ఆ పిల్లాడి తాళం తప్పలేదు

రాజమహేంద్రవరం నుంచి ఒక సంగీతం టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ముందు చెబుతాను.

ఆమెకు 52 ఏళ్లు. 18 ఏళ్లుగా ఇంట్లోనే పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతున్నారు. ఏటా పుష్య బహుళ పంచమికి, అంటే త్యాగరాజ ఆరాధన రోజున, దగ్గర్లో ఉన్న గుడి మంటపంలో పిల్లలందరినీ కూర్చోబెట్టి త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదూ గోష్ఠిగా, అంటే అందరూ కలిసి, పాడించేవారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పాఠం ఫోన్లోకి వెళ్లింది. లాక్‌డౌన్ అయిపోయినా ఆన్‌లైన్ పోలేదు. ఈలోపు పిల్లలు చెదిరిపోయారు. ఇప్పుడు ఉన్న 26 మందిలో 14 మంది ఊళ్లో, ఏడుగురు హైదరాబాద్‌లో, నలుగురు అమెరికాలోని డాలస్‌లో, ఒక అమ్మాయి సింగపూర్‌లో ఉన్నారు.

ఈ ఏడు డాలస్ తల్లిదండ్రులు ఒక కోరిక కోరారు. అందరూ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఒకేసారి పాడాలి, దాన్ని లైవ్‌లో చూపించాలి. టీచర్ సంతోషంగా ఒప్పుకున్నారు. రెండు నెలలుగా రిహార్సల్స్ నడుస్తున్నాయి. "నేను సమానికి (తాళంలో మొదటి దెబ్బకు) వచ్చేసరికి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చోట ఉంటున్నారు. అందరి మైకులూ తెరిస్తే పెళ్లి భోజనాల దగ్గర గోలలా ఉంటుంది. మూసేస్తే ఎవరు ఏం పాడుతున్నారో నాకు తెలియదు. తంబురా కూడా మధ్యలో మాయమవుతోంది" అని రాశారు. మృదంగం మాస్టారు రెండు రిహార్సల్స్ చూసి, "ఇది నా వల్ల కాదమ్మా, వదిలెయ్యండి" అని తప్పుకున్నారు. ఊళ్లో తల్లిదండ్రులు "దూరంగా ఉన్న పిల్లల కోసం మా పిల్లల పాఠం ఆగిపోతోంది" అంటున్నారు. డాలస్ వాళ్లు "యూట్యూబ్‌లో వందల మంది కలిసి పాడుతున్నారు కదా, మనకెందుకు కుదరదు?" అంటున్నారు.

చివరి పేజీలో అసలు బాధ ఉంది. ఊళ్లోనే ఉండే పదకొండేళ్ల బాబుకి ఇంట్లో ఒకటే ఫోన్. అమ్మ పని నుంచి వచ్చాకే అది అతని చేతికొస్తుంది. గుడి పక్క సందులో సిగ్నల్ సరిగా అందదు. అతను ప్రతి ఆవర్తంలోనూ, అంటే తాళం చుట్టు తిరిగిన ప్రతిసారీ, వెనకబడుతుంటే టీచర్ విసుగుతో, అందరూ వింటుండగా, "తాళం కుదిరేదాకా నువ్వు పాడకు, ఊరికే విను" అన్నారు. అతను మూడు వారాలుగా రావడం లేదు. "ఇది ఆన్‌లైన్‌లో జరిగే పనేనా? దూరం పిల్లల్ని మానేయమనాలా? నేనే పాతకాలం దాన్నయిపోయానా?" అని అడిగారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ బాబు గురించి రాసిన నాలుగు వాక్యాలే. అతని దగ్గరికి వెళ్లే ముందు, ఆ రోజు స్క్రీన్ మీద నిజంగా ఏం జరిగిందో మీకు తెలియాలి. అది తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో రెండు వాటంతటవే తేలిపోతాయి.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మంటపంలో మీకు 10 మీటర్ల దూరంలో కూర్చున్న పిల్లకు మీ గొంతు సెకనులో దాదాపు 30 వెయ్యో వంతులు ఆలస్యంగా, అంటే 30 మిల్లీసెకన్ల తర్వాత అందుతుంది. కలిసి పాడేవాళ్ల చెవి అంతవరకు సర్దుకుంటుంది. వీడియో కాల్‌లో గొంతు ఒకవైపు వెళ్లడానికే 100 నుంచి 250 మిల్లీసెకన్లు పట్టడం మామూలు. 250 అంటే, మీరు మంటపంలో పాడుతుంటే ఆ పిల్ల 85 మీటర్ల అవతల, వీధి చివర నిలబడి పాడినట్టు. పైగా ఆమె గొంతు మళ్లీ మీ దగ్గరికి రావాలి. రానూ పోనూ అర సెకను.

దీన్ని తాళంలో లెక్క వేసి చూడండి. ఆది తాళంలో ఒక్కో అక్షరం, అంటే ఒక్కో దెబ్బ, సెకను చొప్పున వేస్తున్నారనుకుందాం. అక్షరానికి నాలుగు స్వరాలు. మీ ఇంట్లో మీరు వేసిన దెబ్బకు సరిగ్గా తగులుతూ పాడిన పిల్ల కూడా, మీ చెవికి రెండు స్వరాలు వెనకగానే వినిపిస్తుంది. వెనకగా వినిపించకపోతేనే అనుమానపడాలి. అంటే ఆ పిల్ల మీ పాట వినకుండా తన లెక్కన తాను పాడేస్తోందన్నమాట.

ఇప్పుడు మీరు ఆమె కోసం ఒక్క క్షణం ఆగుతారు. మీరు ఆగిన సంగతి పావు సెకను తర్వాత ఆమెకు తెలిసి, ఆమె ఇంకొంచెం ఆగుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగుతూ కాలప్రమాణం, అంటే పాట వేగం, జారిపోతుంది. పంచరత్నాల్లో మొదటిదాని గురించి మీరు "నాట రాగ కీర్తన మొదలుపెట్టిన కాలంలో ఎప్పుడూ పూర్తి కాలేదు" అని రాసింది ఇదే. "కొంచెం ముందుగా అందుకోండి" అని చెప్పి చూశానన్నారు. అదీ పని చేయదు. ఈ ఆలస్యం ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది, ఒకే ఇంట్లో కూడా అప్పుడప్పుడూ మారుతుంది.

ఇంకో సంగతి. ఈ యాప్‌లు మాట్లాడుకోవడం కోసం చేసినవి. ఇద్దరు ఒకేసారి గొంతెత్తితే ఒకరిని పైకి తెచ్చి మిగతావాళ్లను తగ్గించేస్తాయి. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని తీసేస్తాయి. తంబురా నాదం ఆ యాప్ చెవికి ఫ్యాన్ మోతే! జూమ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఈ కోత చాలావరకు తగ్గుతుంది. అంతకన్నా తేలికైన దారి, తంబురాను కాల్‌లో పంపడమే మానేయడం. మీ ఐదు శ్రుతి (మీరు పాడే ఆధార స్వరం) తంబురాను ఒక అరగంట రికార్డు చేసి అందరికీ అదే పంపండి, ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకుంటారు. ఒకరు యాప్‌కి, ఒకరు పాత శ్రుతిపెట్టెకి పాడితే పేరుకి అందరిదీ ఐదు శ్రుతే అయినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. తర్వాత గొంతులు కలిపినప్పుడు అది బయటపడుతుంది.

కాబట్టి మీరు పాతకాలం వారు కారు. మృదంగం మాస్టారు చాదస్తంతో తప్పుకోలేదు. మృదంగం వాయించేవారి ప్రాణమంతా పాడేవారి పక్కనే ఉండి పట్టుకోవడంలో ఉంటుంది. ఆయన చెవి ఆయనకు నిజం చెప్పింది.

ఇక ఆ బాబు. సిగ్నల్ అందని సందులో, పాత ఫోన్లో, అతనికి మీ గొంతు మిగతా అందరికంటే ఆలస్యంగా చేరి ఉంటుంది. అతను విన్నదానికి సరిగ్గా తాళం వేసుకుని పాడాడు. మీకు వెనకగా వినిపించింది. నిజంగా అతని తాళంలో లోపం ఉండి ఉంటే ఒక ఆవర్తంలో ముందు, ఇంకో దాంట్లో వెనక, ఎక్కడ పడితే అక్కడ తప్పేవాడు. మీరే రాశారు, "ప్రతిసారీ ఒకేలా వెనకబడతాడు" అని. అంత నిలకడగా వెనకబడటానికి చాలా లయ ఉండాలండీ.

మీరు కావాలని అన్నారని నేను అనను. రెండు నెలలుగా అందరి ఒత్తిడీ మోస్తూ, ఒక రాత్రి నోరు జారారు. కానీ "నీకు తాళం రాదు" అనే అర్థం వచ్చేలా టీచర్ అంటే పదకొండేళ్ల పిల్లాడు అది తన గురించిన నిజం అనుకుంటాడు. దీన్ని ఫోన్లో సరిచేయకండి. నడిచి వెళ్లేంత దూరమే కదా, వాళ్లమ్మ ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్లండి. ఆలస్యం లెక్క అతనికి కూడా చెప్పండి, పిల్లలకు అది ఇట్టే అర్థమవుతుంది. "తప్పు నెట్‌ది. నేను తెలియక నిన్ను అన్నాను" అని అందరూ వినే క్లాసులో కూడా ఒకసారి అనండి. అన్నది అందరి ముందు కదా.

ఇప్పుడు కార్యక్రమం సంగతి. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

అందరూ ఒకేసారి లైవ్‌లో పాడాలన్న పట్టుదలతోనే ముందుకెళ్లడం ఒకటి. సంగీతం కోసమే తయారైన ప్రోగ్రాములు ఉన్నాయి. జామ్యులస్, జాక్‌ట్రిప్, సోనోబస్ లాంటివి ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ వాటికి కంప్యూటర్, వైఫై కాకుండా కేబుల్‌తో కలిపిన బ్రాడ్‌బ్యాండ్, తీగ ఉన్న హెడ్‌ఫోన్లు కావాలి. బ్లూటూత్ పెట్టుకుంటే అదొక్కటే బోలెడు ఆలస్యం తెస్తుంది. ఇన్ని ఉంటే మీరూ, హైదరాబాద్‌లో ఒక పెద్ద విద్యార్థీ కలిసి పాడగలరేమో. డాలస్‌తో మాత్రం కుదరదు. అది ఇక్కడికి దాదాపు 14,000 కిలోమీటర్ల దూరం. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. తీగ తిన్నగా వేసి ఉన్నా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పెట్టినా అంతకంటే తగ్గదు. ఫోన్లతో పాడే 26 మంది పిల్లలతో ఈ దారి పడితే ఆరాధన నాటికి మీకు మిగిలేది అలసటే అని నా అభిప్రాయం.

రెండోది, ఎవరికి వారు రికార్డు చేసి పంపితే ఒకచోట కలపడం. డాలస్ తల్లిదండ్రులు యూట్యూబ్‌లో చూసింది దాదాపు కచ్చితంగా ఇదే. 2010లో అమెరికా స్వరకర్త ఎరిక్ విటేకర్ 12 దేశాల నుంచి 185 మంది పాడిన గొంతులను ఇలా కలిపి చూపించాక ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసింది. చూస్తే అందరూ ఒక్క క్షణంలో పాడినట్టే ఉంటుంది. నిజానికి ఒక్కొక్కరూ ఒంటరిగా, ఇయర్‌ఫోన్లో నమూనా వింటూ పాడినవే. ఈ మాట వాళ్లకు విడమరచి చెప్పండి. వాళ్లు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అది లైవ్ అని నమ్ముతున్నారు.

ఈ దారిలో వెళ్తే అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఆ నమూనా. అందరూ దాన్నే వింటూ పాడతారు కాబట్టి దానిలో ఉన్నదే 26 గొంతుల్లోకీ వస్తుంది. చాలామంది అందులో మెట్రోనోమ్ టిక్ టిక్ పెడతారు. నేను వద్దంటాను. మృదంగం మాస్టారిని మళ్లీ అడగండి. ఈసారి కాల్‌లోకి కాదు, మీ ఇంటికి రమ్మని. మీరిద్దరూ ఒకే గదిలో, తంబురా పెట్టుకుని, మీరు పాడుతూ ఆయన వాయిస్తూ రికార్డు చేయండి. మొదట్లో ఒక ఆవర్తం ఉత్త తాళం, దాని చివర ఒక గట్టి చప్పట్లు. పిల్లలు కూడా తమ ఇయర్‌ఫోన్లో ఆ తాళం వింటూ, సరిగ్గా ఆ చప్పట్లతో కలిసి ఒక చప్పట్లు కొట్టాలి. తర్వాత కలిపేవాళ్లు ఆ చప్పట్లన్నీ ఒక గీత మీదకు తెస్తే సరిపోతుంది. గొంతుల వరకు ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో ఈ పని చేయొచ్చు.

పిల్లలు ఒక ఫోన్లో నమూనా వింటూ ఇంకో ఫోన్లో రికార్డు చేయాలి. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్, రెండో చెవి ఖాళీగా ఉండాలి, లేకపోతే తమ శ్రుతి తమకు వినపడదు. ఫోన్ నోటికి మూరెడు దూరంలో, ఫ్యాన్ ఆపి. గోదావరి ఉక్కలో ఫ్యాన్ లేకుండా మధ్యాహ్నం పాడమంటే పాపం, తెల్లవారుజామునే పాడమనండి. కుక్కర్ విజిల్స్ కూడా ఉండవు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. రెండు ఫోన్లు లేని పిల్లలు ఒక ఆదివారం మీ ఇంటికొచ్చి పాడి వెళ్లాలి. దీన్ని ముందే అందరికీ నియమంగా చెప్పేయండి, ఎవరికీ చిన్నతనం అనిపించదు.

ఖర్చు కూడా తెలుసుకోండి. పది నిమిషాల కీర్తనకు 26 రికార్డింగులంటే ఒక్కసారి వినడానికే నాలుగు గంటల పైన పడుతుంది. కలపడం వేరే. ఐదు పంచరత్నాలూ ఇలా చేస్తానంటే మీ ఆరోగ్యం పాడవుతుంది. ఒక్కటి చాలు. ఇంకో నష్టం గురించి ఎవరూ చెప్పరు. ఒంటరిగా పాడే పిల్ల తన రికార్డింగు పదిసార్లు చెరిపేసి మళ్లీ పాడుతుంది. గోష్ఠిలో పక్కవాళ్ల గొంతు ఇచ్చే ధైర్యం ఉండదు. మూడు ప్రయత్నాలకు మించి వద్దని గట్టిగా చెప్పండి. చివరి వీడియోలో ఏ ఒక్క పిల్ల ముఖమూ లేకుండా పోకూడదు. గొంతు శ్రుతి తప్పి ఉంటే ఆ శబ్దం తగ్గించండి, ముఖం మాత్రం ఉంచండి. పిల్లల ముఖాలు బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

మూడోది నాకు చాలా ఇష్టమైన దారి. ఎవరున్న ఊళ్లో వాళ్లు ఒకచోట చేరడం. హైదరాబాద్‌లో ఏడుగురు ఒక ఇంట్లో, డాలస్‌లో నలుగురు ఇంకో ఇంట్లో, ఊళ్లో 14 మంది మంటపంలో. పక్కపక్కన కూర్చుంటే ఆలస్యం సమస్యే లేదు. కాల్‌లో ఒకరి తర్వాత ఒకరు పాడతారు. పంచరత్నాల్లో చరణాలకు స్వరం పాడి, తర్వాత సాహిత్యం అందుకుంటాం కదా. రిహార్సల్‌లో స్వరం ఒక ఊరివాళ్లు పాడితే సాహిత్యం ఇంకో ఊరివాళ్లు అందుకోవచ్చు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు వింటారు కాబట్టి గొంతులు ఢీకొనవు. అందుకునేచోట చిన్న తొట్రుపాటు ఉంటుంది, తాళం అక్కడ అర సెకను ఆగుతుంది. రిహార్సల్‌కు ఫరవాలేదు, సభలో మాత్రం బాగుండదు. అందుకే ఆరాధన రోజున ఒక్కో ఊరివాళ్లకు ఒక్కో పూర్తి కీర్తన ఇవ్వడం మేలు. ఆదివారం ఉదయం ఇక్కడ ఏడు గంటలైతే ఆ చలికాలంలో డాలస్‌లో శనివారం సాయంత్రం ఏడున్నర, సింగపూర్‌లో ఉదయం తొమ్మిదిన్నర. ఎవరి నిద్రా చెడదు. చిక్కల్లా సింగపూర్ అమ్మాయితోనే, ఆమెకు గోష్ఠి లేదు. అందరికంటే ముందు ఒక శ్లోకం రాగమాలికగా, అంటే రాగాలు మారుస్తూ, ఆమెతో ఒంటరిగా పాడించండి. ఒంటరిగా మిగిలిపోవడం వేరు, ఒంటరిగా పాడటం వేరు.

నాలుగోది దూరం పిల్లల్ని మానేయమనడం. అది తప్పు అనను. మీ ఒంట్లో ఓపికకు ఒక హద్దుంది, ఊళ్లో పిల్లల పాఠం నిజంగానే ఆగుతోంది. కానీ మీరు ఉత్తరంలో రాసిన డాలస్ అక్కాచెల్లెళ్లు మీ దగ్గర సరళీ స్వరాలు మొదలుపెట్టినవాళ్లు. వాళ్లకు ఈ క్లాసు సంగీతం ఒక్కటే కాదు, ఊరు కూడా. మానేయమంటే మళ్లీ ఇంకో గురువు దొరుకుతారో లేదో తెలియదు. మానేయడానికి ముందు వాళ్లకు గోష్ఠి క్లాసు తీసేసి, విడిగా వారానికో అరగంట పాఠం ఇచ్చి చూడండి. ఊళ్లో పిల్లలకు మంటపంలో పాత పద్ధతిలో వారానికొక రోజు తప్పకుండా పెట్టండి. ఆ రోజు ఫోన్ తెరవకండి. అక్కడి తల్లిదండ్రుల కోపం సగం అప్పుడే తగ్గుతుంది.

ఏది ఎంచుకున్నా ఒకటి మాత్రం వదలకండి. ఆన్‌లైన్ రిహార్సల్‌లో అందరితో కలిపి పాడించే ప్రయత్నం మానేసి, ఒకరి మైకు తెరిచి మిగతావాళ్లు మూసుకుని పాడే పద్ధతి పెట్టండి. వెనకటికి ఆకాశవాణిలో సంగీత శిక్షణ వచ్చేది, రేడియో ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఎంతమందో. రేడియోలో గురువుకు శిష్యుడి గొంతు వినపడేది కాదు. మీకు ఒక్కొక్కరిదీ వినిపిస్తుంది. గోష్ఠిలో ఎప్పుడూ వెనక వరుసలో గొంతు దాచుకునే అమ్మాయి ఆరభి రాగ కీర్తన ఇంత బాగా పాడుతుందని లాక్‌డౌన్‌లోనే తెలిసిందని మీరే రాశారు. అలాంటివాళ్లు ఇంకా ఉంటారు. నలుగురేసి పిల్లలతో నలభై నిమిషాల క్లాసులు, వారానికి ఒక్కో చరణం రికార్డింగు, చాలు. ఇలా చేస్తే మీ గంటలు పెరుగుతాయి కాబట్టి ఫీజు గురించి మొహమాటపడకుండా మాట్లాడండి. ఇచ్చుకోలేని ఇంటిని అడగకుండా వదిలేయండి, ఇచ్చుకోగలవారిని అడగండి.

నన్ను ఎంచుకోమంటే, ఊళ్లో మంటపంలో నాలుగు కీర్తనలు మామూలుగా పాడించి దాన్ని డాలస్, హైదరాబాద్ వాళ్లకు లైవ్‌లో చూపిస్తాను. నాట రాగ కీర్తన ఒక్కటి 26 మంది గొంతులతో ముందే రికార్డు చేసి సభ మొదట్లో వినిపిస్తాను. ఇంకా ఎంత గడువుందో, మీకు ఎంత ఓపికుందో మీకే తెలుసు, కాబట్టి నిర్ణయం మీది. ముందు తల్లిదండ్రులందరికీ ఒక సందేశం పంపండి. "మనం ఒకేసారి పాడలేకపోవడానికి కారణం పిల్లలు కాదు, నెట్‌లో గొంతు ఆలస్యంగా చేరడం. అందుకని పద్ధతి మారుస్తున్నాను" అని రెండు వాక్యాలు చాలు.

మీరూ మాస్టారూ నమూనా రికార్డు చేసే రోజున మీ పక్కన తాళం వేయడానికి ఒకరు కావాలి. మీరు పాడుతూ వేస్తే చప్పుడు మైకులో ఎగుడుదిగుడుగా పడుతుంది. ఆ పని ఆ బాబుకి ఇవ్వండి. మాస్టారి ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి ఆవర్తం అతని చేత్తోనే మొదలుపెట్టించండి. మిగతా 25 మందీ ఆ చేతి తాళం వింటూనే పాడతారు.